క్లారినెట్‌ను వృత్తిగా తీసుకుంటే: కచేరీ, బోధన, నాద పరిశోధన గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను క్లారినెట్ వాయిస్తాను, నేర్పుతాను, దాని నాదం ఎలా పుడుతుందో కొలిచి చూస్తాను. ఈ మూడు పనుల గురించీ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, తోటి వాద్యకారులు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి రెండు మాటలు చాలు. నాదం గురించి అడిగినవాటికి మాత్రం చాలవు.

ఒకే మనిషి ఈ మూడు పనులూ చేయాలా? ఏదో ఒకటి చాలదా?

చాలు. మంచి వాద్యకారుల్లో ఎక్కువమంది ప్రయోగశాల గడప తొక్కరు. వాళ్లకు దానివల్ల లోటేమీ లేదు. నాకు మాత్రం ఇవి మూడు వేర్వేరు పనుల్లా ఎప్పుడూ అనిపించలేదు. ఒకే స్వరాన్ని మూడు రకాలుగా ప్రశ్నించడం అనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. క్లారినెట్‌లో కింది స్థాయి ముగిసేచోట గొంతు స్వరాలని పిలిచే స్వరాలు కొన్ని ఉన్నాయి. వాటిలో పైనున్న బి ఫ్లాట్ (పాశ్చాత్య సంగీతంలో ఒక స్వరం పేరు) అన్నిటికంటే పేలవంగా, గాలి కలిసినట్టు పలుకుతుంది. వాద్యకారుడిగా నా ప్రశ్న: ఈ సాయంత్రం కచేరీలో దీన్ని పక్క స్వరాలతో ఎలా కలపాలి? కుడిచేతి వేళ్లు రెండు మూడు కింది రంధ్రాల మీద వేస్తే స్వరం కాస్త నిండుతుంది, కాబట్టి అలా చేస్తాను. టీచర్‌గా నా ప్రశ్న: పన్నెండేళ్ల పిల్లకు ఏ వేళ్లు వేయమని చెప్పాలి, తర్వాతి స్వరానికి అవి అడ్డం రాకుండా? పరిశోధకుడిగా నా ప్రశ్న: అసలు ఇది ఎందుకు పేలవంగా ఉంది?

మూడో ప్రశ్నకు జవాబు వాద్యం కట్టుబడిలోనే ఉంది. స్వరాన్ని పై స్థాయికి లేపే చిన్న రంధ్రం, ఈ బి ఫ్లాట్ పలకాల్సిన రంధ్రం ఒక్కటే. స్థాయి మార్చాలంటే అది చిన్నగా ఉండాలి. స్వరం బాగా పలకాలంటే పెద్దగా ఉండాలి. రెండిటికీ మధ్యస్థంగా ఒక కొలత, ఒక చోటు చూసి పెట్టారు. ఇది తెలిశాక ఆ పిల్లతో "నీ తప్పు కాదమ్మా, ఆ రంధ్రమే చిన్నది" అని చెప్పగలిగాను. బిగుసుకుపోయిన ఆమె భుజాలు అప్పుడు కిందికి దిగాయి. మరుసటి వారం ఆ స్వరం మెరుగ్గా పలికింది కూడా.

క్లారినెట్ నాదం మిగతా ఊదే వాద్యాల కంటే ఎందుకు వేరుగా ఉంటుంది?

ఫ్లూట్, క్లారినెట్ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పొడవులో పెద్ద తేడా ఉండదు, దాదాపు అరవై డెబ్బై సెంటీమీటర్లు. కానీ మామూలు ఫ్లూట్‌లో అన్నిటికంటే కింది స్వరం దాదాపు 262 హెర్ట్జ్, బి ఫ్లాట్ క్లారినెట్‌లో అది దాదాపు 147 హెర్ట్జ్. అదే పొడవులో ఇంత లోతు ఎక్కడినుంచి వచ్చింది?

ఫ్లూట్ రెండు చివరలా తెరిచిన గొట్టంలా పనిచేస్తుంది. క్లారినెట్‌లో రీడ్ (ఊదితే కంపించే రెల్లు ముక్క) ఉన్న చివర మూసినట్టు, బెల్ (కింది వెడల్పాటి నోరు) ఉన్న చివర తెరిచినట్టు పనిచేస్తుంది. ఒక చివర మూసిన గొట్టంలో ధ్వని తరంగం ఒక చుట్టు పూర్తి చేయడానికి గొట్టం పొడవును నాలుగుసార్లు దాటాలి. రెండు చివరలా తెరిచినదానిలో రెండుసార్లు దాటితే చాలు. లోతుకు కారణం ఇదే.

దీనికి ఇంకో ఫలితం ఉంది, సంగీతం తెలిసినవాళ్లకు అది ఇంకా బాగా పడుతుంది. ఫ్లూట్‌లో కింది సా వేళ్లతోనే ఊదుడు మార్చితే పై సా వస్తుంది. క్లారినెట్‌లో సా వేళ్లు పెట్టి, ఎడమ బొటనవేలితో స్థాయి కీ నొక్కితే పై సా రాదు, ఆ పైనున్న పా వస్తుంది. ఒక చివర మూసిన, వెడల్పు మారని గొట్టంలో మొదటి స్వరానికి మూడు రెట్లు, ఐదు రెట్లు ఉన్న బేసి అనుస్వరాలే (మొదటి స్వరంతో పాటు మోగే పై స్వరాలు) బలంగా నిలుస్తాయి, రెండు రెట్లది నిలవదు. కింది స్థాయిలో క్లారినెట్‌కు ఉన్న ఆ బోలు నాదం, చీకటి గదిలో ఎవరో మాట్లాడుతున్నట్టుండే ఆ గుణం, ఇక్కడినుంచే వస్తుంది. పైకి వెళ్లేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. దాదాపు 1500 హెర్ట్జ్ దాటాక తెరిచిన రంధ్రాల వరుస తరంగాన్ని లోపలికి తిప్పి పంపడం మానేస్తుంది, అక్కడ సరి బేసి అనే భేదం పెద్దగా మిగలదు.

నాదస్వరం, ఒబో కూడా రీడ్ వాద్యాలేగా, వాటిలో పై సా వస్తుందే అని ఒక విద్యార్థి అడిగాడు. చక్కటి ప్రశ్న. వాటి గొట్టం శంకువు ఆకారంలో వెడల్పవుతూ పోతుంది. శంకువులో సరి అనుస్వరాలు కూడా నిలుస్తాయి.

నల్ల చెక్కతో చేసినందువల్లే ఆ నాదం వస్తుందా?

అనుకున్నంత కాదు. మంచి క్లారినెట్లు ఎక్కువగా తూర్పు ఆఫ్రికా ప్రాంతంలో పెరిగే గ్రెనడిల్లా చెక్కతో చేస్తారు. అది గట్టిది, సన్నగా నున్నగా తొలచడానికి వీలైనది. అయితే పలికేది లోపలి గాలి స్తంభం, చెక్క గోడ కాదు. గొట్టం లోపలి కొలతలు, రంధ్రాల అంచుల గుండ్రదనం, ప్యాడ్లు గాలి పోకుండా మూసుకోవడం, ముఖ్యంగా మౌత్‌పీస్ లోపలి ఆకారం నాదాన్ని ఎక్కువగా మారుస్తాయి. డబ్బు తక్కువగా ఉంటే కొత్త క్లారినెట్ కంటే ముందు మంచి మౌత్‌పీస్ కొనమని నా విద్యార్థులకు చెబుతాను.

వేదిక మీద ఉన్నట్టుండి కీచుమంటుంది. ఎందుకు?

రీడ్ ఒక పలుచని రెల్లు ముక్క. దాని కొన దాదాపు మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటుంది. ఆ ముక్కకు తనదైన ఒక సహజ కంపనం ఉంది, రెండు మూడు వేల హెర్ట్జ్ ప్రాంతంలో. కింది పెదవి దాని మీద మెత్తగా ఆనుకుని ఆ కంపనాన్ని అణచి ఉంచుతుంది, అందుకే రీడ్ గొట్టంలోని గాలి చెప్పినట్టు వింటుంది. పెదవి జారినా, రీడ్ ఒక పక్కకు వంకరగా కట్టినా, ఎండిపోయినా, ఒక వేలు రంధ్రాన్ని సరిగ్గా మూయకపోయినా ఆ అదుపు పోతుంది. అప్పుడు వినిపించేదే ఆ కీచు.

నాకూ ఒక పోటీలో రచనలో రెండో వరస వాయిస్తుండగానే అలా జరిగింది. టెన్షన్‌తో నోరు ఎండిపోయింది, రీడ్ కూడా ఎండింది. అప్పటినుంచి వేదిక ఎక్కేముందు చివరి క్షణం దాకా రీడ్‌ను నోటిలో తడిగా ఉంచుకుంటాను. ఎక్కువ విశ్రాంతి ఉన్న చోట్ల మౌత్‌పీస్‌కు మూత పెడతాను.

నోటి లోపలి ఆకారం, నాలుక స్థానం నిజంగా స్వరాన్ని మారుస్తాయా? లేక టీచర్లు అలవాటుగా చెప్పే మాటా?

ఈ ప్రశ్న మీద కొన్ని దశాబ్దాలు వాదన నడిచింది. "ఈ అని అనుకో, ఓ అని అనుకో" అంటూ టీచర్లు నాలుకను సర్దిస్తూ వచ్చారు. గొట్టంలోని ప్రతిధ్వని ముందు నోటి ప్రభావం చాలా చిన్నదని కొందరు భౌతిక శాస్త్రవేత్తలు అన్నారు. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ పరిశోధకులు మౌత్‌పీస్‌లోనే చిన్న కొలత పరికరం అమర్చి, వాద్యకారుడు ఊదుతుండగానే నోటి లోపలి ప్రతిధ్వనిని కొలిచారు. మామూలు స్వరాల్లో గొట్టమే రాజు. పై స్థాయిలో స్వరాన్ని కిందికి వంచినప్పుడు, జార్చినప్పుడు మాత్రం అనుభవమున్నవాళ్లు తమ నోటి ప్రతిధ్వనిని పలికే స్వరానికి దగ్గరగా సర్దుకుంటున్నారని 2009లో ప్రచురించిన ఫలితాల్లో తేలింది.

అమెరికా స్వరకర్త గెర్ష్విన్ 1924లో రాసిన రాప్సడీ ఇన్ బ్లూ మొదట్లో క్లారినెట్ వాయించే ఆ పొడవాటి జారుడు అందరికీ తెలిసిందే. గెర్ష్విన్ రాసింది విడివిడి స్వరాల పరుగు. రిహార్సల్‌లో క్లారినెట్ వాద్యకారుడు రాస్ గోర్మన్ దాన్ని ఒకే జారుడుగా ఊదాడు, గెర్ష్విన్‌కు నచ్చి అలాగే ఉంచమన్నాడు. ఆ జారుడు కింది భాగంలో వేళ్లను రంధ్రాల మీదినుంచి మెల్లగా జరపడం వల్ల వస్తుంది, పై భాగానికి నోటి సర్దుబాటు కావాలి. ఒక వాద్యకారుడు కండరాలతో కనిపెట్టినదాన్ని ఎనభై ఐదేళ్ల తర్వాత పరికరం చూపించింది. కాబట్టి టీచర్ల మాట ఉత్త అలవాటు కాదు, అయితే ప్రతి స్వరానికీ వర్తించేదీ కాదు.

నాద పరిశోధన అంటే రోజూ ఏం చేస్తారు? భౌతిక శాస్త్రం డిగ్రీ ఉండాలా?

ఎక్కువ సమయం వినడంలో, మైకులు సర్దడంలో, ఒకే స్వరాన్ని యాభైసార్లు ఊదడంలో పోతుంది. ఒక ప్రశ్న తీసుకుంటాం: ఈ రెండు మౌత్‌పీస్‌ల మధ్య తేడా వినేవాళ్లకు తెలుస్తుందా, లేక ఊదేవాడికే తెలుస్తుందా? ఏది ఏదో వాద్యకారుడికి, వినేవాళ్లకు చెప్పకుండా పరీక్షిస్తాం. కొన్నిటికి మనిషే వద్దు. గాలి ఒత్తిడిని ఒకే తీరుగా ఉంచే కృత్రిమ నోరు తయారుచేసి రీడ్‌ను ఊదిస్తారు, మనిషి తెలియకుండా చేసే సర్దుబాట్లు అడ్డురాకుండా.

డిగ్రీ తప్పనిసరి కాదు, కానీ తరంగాలు, అనుస్వరాలు, డెసిబెల్ అంటే ఏమిటో భయం లేకుండా తెలిసుండాలి. యూనివర్సిటీల్లో సంగీత శాఖ నుంచి వెళ్లి ధ్వని శాస్త్రవేత్తతో కలిసి పనిచేసే డాక్టరేట్లు ఉన్నాయి. అటునుంచి ఇటు వచ్చినవాళ్లూ ఉన్నారు. అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ బెనాడ్ స్వయంగా క్లారినెట్ వాయించేవాడు. ఊదే వాద్యాల ధ్వని శాస్త్రంలో ఆయన పని ఇప్పటికీ ఆధారం. వాయించడం తెలిసినవాడు అడిగే ప్రశ్నల్లో ఒక పదును ఉంటుంది, అది ఆయన రాతల్లో కనిపిస్తుంది.

ఏ వయసులో మొదలుపెట్టాలి? ఆలస్యమైతే వృత్తిగా పనికిరాదా?

ముందు పళ్లు రాలి కొత్తవి వచ్చాక, వేళ్లు రంధ్రాలను పూర్తిగా మూయగలిగాక మొదలుపెడితే మంచిది. చిన్న చేతులకు ఇ-ఫ్లాట్, సి అనే చిన్న క్లారినెట్లు ఉన్నాయి.

ఆలస్యం సంగతి అడిగినవాళ్లకు నేను రిషార్డ్ ముల్‌ఫెల్డ్ గురించి చెబుతాను. ఆయన జర్మనీలోని మైనింగెన్ ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాద్యకారుడిగా చేరాడు. క్లారినెట్ సొంతంగా నేర్చుకుని అదే ఆర్కెస్ట్రాలో ప్రధాన క్లారినెట్ అయ్యాడు. ఇక కొత్తగా ఏమీ రాయనని అనుకున్న జర్మన్ స్వరకర్త బ్రామ్స్ 1891లో ఆయన వాయించడం విని, ఆ ఏడాదే ఒక ట్రయో (ముగ్గురు వాయించే రచన), ఒక క్వింటెట్ (ఐదుగురు వాయించేది), 1894లో రెండు సొనాటాలు రాశాడు. మా వాద్యానికి ఉన్న అతి గొప్ప రచనల్లో నాలుగు ఒక మనిషి నాదం విని పుట్టాయి. ఆయన వయొలిన్ చెవి అందులో ఎంత పనిచేసిందో ఆ సొనాటాల పొడవాటి వరసలు వాయించేటప్పుడు నాకు అర్థమవుతుంది.

రోజుకు ఎన్ని గంటలు సాధన చేయాలి?

మొదటి రెండేళ్లు అరగంట చొప్పున రెండుసార్లు. వృత్తి కోసం చదివేటప్పుడు మూడు నాలుగు గంటలు, విరామాలతో. అంతకంటే ముఖ్యం, మొదటి పదిహేను నిమిషాలు దీర్ఘ స్వరాలకే ఇవ్వండి. ఏమీ వినిపించని చోటునుంచి స్వరం మొదలై, నిండి, మళ్లీ ఏమీ లేని చోటికి చేరాలి. క్లారినెట్ ఇంత మెత్తగా మొదలుకాగల వాద్యం, ఊదే వాద్యాల్లో అలాంటిది అరుదు. ఫ్రెంచ్ స్వరకర్త మెస్సియాన్ యుద్ధఖైదీగా ఉన్నప్పుడు రాసిన చతుర్వాద్య రచనలో, 1941 జనవరి 15న గోర్లిట్జ్ శిబిరంలో తొలిసారి వినిపించినదానిలో, మూడో భాగం క్లారినెట్ ఒక్కదానికే. అందులో ఒక్క స్వరం నిశ్శబ్దంలోంచి లేచి చెవులు నిండేదాకా పెరగాలి. దీర్ఘ స్వరాల సాధన లేనివాళ్లు అక్కడ దొరికిపోతారు.

రీడ్ల సంగతి ఏమిటి? డబ్బాలో పది ఉంటే మూడే పలుకుతాయి.

అందరికీ అంతే. రీడ్‌ను అరుండో డోనాక్స్ అనే పెద్ద రెల్లుతో చేస్తారు. దక్షిణ ఫ్రాన్స్‌లోని వార్ ప్రాంతం దానికి పేరు. అది మొక్క, ప్రతి ముక్కా వేరుగా ఉంటుంది. కొత్త రీడ్‌ను మొదటిరోజు ఐదు నిమిషాలు, రెండోరోజు పది నిమిషాలు ఊది, నాలుగైదింటిని మార్చి మార్చి వాడండి. మొదలుపెట్టేవాళ్లకు రెండు లేదా రెండున్నర నంబరు చాలు (నంబరు పెరిగితే రీడ్ గట్టిది). గట్టి రీడ్ వాడితే గొప్ప అనే నమ్మకం పిల్లల్లో ఎలా పుడుతుందో తెలియదు గానీ, దానివల్ల పెదవులు పాడవుతున్నాయి. ప్లాస్టిక్ రీడ్లు ఇప్పుడు చాలా మెరుగయ్యాయి, ఆరుబయట వాయించేటప్పుడు నేనూ వాడతాను.

ఆర్కెస్ట్రాలో ఉద్యోగం ఎలా వస్తుంది?

ఖాళీలు చాలా తక్కువ. వయొలిన్లు ముప్పై మంది ఉండే ఆర్కెస్ట్రాలో క్లారినెట్లు ఇద్దరి నుంచి నలుగురు. ఒకరు చేరితే తరచుగా రిటైరయ్యేదాకా అక్కడే ఉంటారు. ఆడిషన్‌లో మోజార్ట్ క్లారినెట్ కన్చెర్టో (సోలో వాద్యం, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన) మొదటి భాగం దాదాపు ఖాయం. తర్వాత ఆర్కెస్ట్రా రచనల్లోంచి ముక్కలు: బీథోవెన్ ఆరో సింఫనీ, మెండెల్సన్ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్ స్కెర్జో, బ్రామ్స్ మూడో సింఫనీ, రాఖ్మానినోవ్ రెండో సింఫనీలోని నెమ్మది భాగం, కొడాయ్ గలాంటా నృత్యాలు. చాలాచోట్ల మొదటి రౌండ్లలో తెర వెనక వాయించాలి. బోస్టన్ సింఫనీ 1952లోనే తెర వాడింది. మీ ముఖం, బట్టలు, ఆడా మగా అనేది ఎవరికీ కనిపించదు. లయ, శ్రుతి, నాదం మాత్రమే అవతలికి చేరతాయి.

శ్రుతి గురించి ఒక మాట. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది. ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు శ్రుతి దాదాపు మూడు సెంట్లు (అరస్వరంలో వందో వంతు ఒక సెంటు) పైకి పోతుంది. చల్లటి గదిలో పది నిమిషాలు కూర్చుని, పిలవగానే లోపలికి వెళ్లి ఊదితే మొదటి స్వరమే కిందికి ఉంటుంది. బయట వేచి ఉన్నంతసేపూ శబ్దం రాకుండా వెచ్చని ఊపిరి లోపలికి పంపుతూ ఉండండి.

ఉద్యోగం రాకపోతే?

ఎక్కువమందికి రాదు. వాళ్లు విఫలమైనట్టు నేను ఒప్పుకోను. 1980ల మొదట్లో ఆర్కెస్ట్రా నిర్వాహకుడు (కండక్టర్) కరాయన్, క్లారినెట్ వాద్యకారిణి జబీనే మేయర్‌ను బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌కు ఎంచుకుంటే, ఆర్కెస్ట్రా సభ్యులు పెద్ద మెజారిటీతో వద్దని ఓటేశారు. ఆమె బయటికి వచ్చి సోలో వాద్యకారిణిగా ప్రపంచమంతా వాయించింది. అందరికీ ఆ దారి తెరుచుకోదు, నిజమే. కానీ చిన్న బృందాలు, రికార్డింగ్ పనులు, పాఠాలు, పరిశోధన కలిపి గౌరవంగా బతికేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల ఆదాయం నెలనెలా ఒకేలా ఉండదు, ఆ సంగతి ముందే ఇంట్లో చెప్పాలి.

నేర్పడంలో అన్నిటికంటే కష్టమైన ఘట్టం ఏది?

బ్రేక్, అంటే కింది స్థాయి ముగిసి పై స్థాయి మొదలయ్యే చోటు, దాటించడం. గొంతు స్వరాల దగ్గర దాదాపు వేళ్లన్నీ పైన ఉంటాయి, తర్వాతి స్వరానికి అన్నీ ఒక్కసారిగా కిందికి రావాలి. పిల్లలు వేళ్ల గురించి భయపడి ఊపిరి ఆపేస్తారు. నేను దిగువనుంచి తీసుకెళ్తాను: కింది స్వరం పట్టుకుని నిండుగా ఊదుతూ ఉండమంటాను, చెప్పకుండా వెనకనుంచి నేనే స్థాయి కీ నొక్కుతాను. పై స్వరం దానంతటదే పలుకుతుంది. "నేనేం చేయలేదు సార్!" అంటారు. అదే వాళ్లకు తెలియాల్సింది, ఊపిరి మారనక్కరలేదని.

ఒకేసారి రెండు మూడు స్వరాలు పలికించడం, ఎలక్ట్రానిక్స్‌తో వాయించడం నేర్చుకోవాలా?

నేర్చుకోండి. మల్టీఫోనిక్స్ అనే ఈ పద్ధతిలో మామూలుకు భిన్నంగా వేళ్లు వేస్తే గాలి స్తంభం ఒకే స్వరానికి కుదురుకోలేక రెండు మూడు ఎత్తుల్లో ఒకేసారి మోగుతుంది. దీన్ని క్రమంగా వెతికి నమోదు చేసినవాళ్లలో విలియం ఒ. స్మిత్ ముందువాడు. జాజ్ లోకానికి బిల్ స్మిత్‌గా, డేవ్ బ్రూబెక్‌తో వాయించినవాడిగా తెలుసు. వాషింగ్టన్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి నేర్పాడు. 1926లో పుట్టి 2020లో కన్నుమూసిన ఆయన బతుకులో కచేరీ, పాఠం, పరిశోధన ఎక్కడ విడిపోయాయో గీత గీయలేం.

ఎలక్ట్రానిక్స్‌కు 1985 మంచి ఏడాది. అమెరికా స్వరకర్త స్టీవ్ రైక్ రాసిన న్యూయార్క్ కౌంటర్‌పాయింట్‌లో ముందే రికార్డు చేసిన పది క్లారినెట్ వరసల మీద పదకొండోది వేదికపై వాయించాలి. ఫ్రెంచ్ స్వరకర్త బులెజ్ అదే ఏడాది రాసిన రచనలో వేదికపై ఉన్న క్లారినెట్‌తో, శ్రోతల చుట్టూ పెట్టిన స్పీకర్లలోంచి దాని నీడలాంటి మరో క్లారినెట్ మాట్లాడుతుంది.

పాశ్చాత్య శాస్త్రీయమే నేర్చుకోవాలా?

అక్కర్లేదు. జాజ్‌లో, కర్ణాటక సంగీతంలో క్లారినెట్‌కు సొంత బాణీలు ఉన్నాయి. 2022లో పద్మశ్రీ అందుకున్న ఏ.కె.సి. నటరాజన్ వాయించింది వినండి. గమకాలు పలకాలంటే రంధ్రాన్ని సగం, పావు మూసే వేలు కావాలి, ఊపిరి కూడా వేలితో పాటు వంగాలి. నోటి ప్రతిధ్వని మీద పరిశోధన చేయాలనుకునేవాళ్లకు ఇక్కడ ఎంతో పని ఉంది.

ఒంటికి ఏమైనా హాని ఉందా?

కుడి బొటనవేలు ముక్కాలు కిలోకు పైబడిన బరువు మోస్తుంది. మణికట్టు నొప్పి మొదలవగానే మెడ పట్టీ వాడండి, నొప్పిని భరించడం సాధన కాదు. చెవుల సంగతి అంతకంటే ముఖ్యం. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు హద్దు అనుకుంటే, ఆపైన పెరిగే ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. ఆర్కెస్ట్రాలో మన వెనకే ఇత్తడి వాద్యాలు ఉంటాయి. సంగీతకారుల కోసం చేసే ఇయర్‌ప్లగ్‌లు చదువుకునే రోజుల్లోనే అలవాటు చేసుకోండి.

పరిశోధన వైపు ఆసక్తి ఉంది. ఇంట్లోనే ఏదైనా మొదలుపెట్టవచ్చా?

మొదట్లో చెప్పిన ఆ గొంతు బి ఫ్లాట్‌తోనే మొదలుపెట్టండి. ఫోన్‌ను రెండు మీటర్ల దూరంలో పెట్టి, మామూలు వేళ్లతో పదిసార్లు, కుడిచేతి వేళ్లు చేర్చి పదిసార్లు, వరుస కలిపేసి ఊదండి. ఏది ఏదో వేరే కాగితం మీద రాసుకోండి. సోనిక్ విజువలైజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే అనుస్వరాలు గీతల్లా కనిపిస్తాయి, ఏవి బలపడ్డాయో కొలవండి. తర్వాత వేళ్ల సంగతి చెప్పకుండా ఒక స్నేహితురాలికి వినిపించి, ఏవి నిండుగా ఉన్నాయో గుర్తుపెట్టమనండి. ఆమె గుర్తులు, మీ కాగితం, తెర మీది గీతలు పక్కపక్కన పెట్టుకుని కూర్చోండి.